సుంకి పేరు తీసేసిన పాట

కర్నూలు పక్కన కల్లూరులో ఉండే శివకుమారిని, కీర్తిశేషులు తిమ్మయ్య గారి కూతురిని, ఇరవై ఎనిమిదేళ్ళదాన్ని, పాటలు రాసి పాడి బతికేదాన్ని, నా చేత్తో నేనే రాస్తున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగా ఉంది. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. బలవంతపెట్టగల మనిషికి నేనిప్పుడు ఎక్కడున్నానో తెలియదు.

ఎల్లుండి బుధవారం నా గొంతులో గడ్డకు ఆపరేషన్. మాట నరం పక్కనే ఉందని, నా గుండె మత్తుకు తట్టుకోకపోవచ్చని డాక్టరు ముందే చెప్పారు. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు.

1. కడప కాన్వెంటులో నాకు తెలుగు చెప్పిన దావీదురాజు సారు దీన్ని అమలు చేయాలి. ఆయన ఇంట్లో, అన్నాలు తినే బల్ల మీదే రాస్తున్నాను. కర్నూలు దర్గాలో మొక్కుకుని వస్తానని ఇంట్లో చెప్పి పొద్దున బస్సెక్కాను. అది అబద్ధం.

2. నా కమ్మలు, బ్యాంకులో నా పేరున ఉన్నదంతా మా అమ్మ గురమ్మకు. నా పాట ఒక్కటి కూడా ఆమె చివరిదాకా వినలేదు. సగంలోనే "బాగుండాది, అన్నం తిను" అనేది. ఆ మాట కోసమే నేను ఇల్లు చేరేదాన్ని.

3. వీడియోల్లో నా గొంతుకు పెదవులు కదిపే శివానికి నా స్కూటీ. మా అన్న నాగరాజ్ నన్ను ఒక్కసారే కెమెరా ముందర నిలబెట్టాడు. "గోడకు ఆనిచ్చిన చీపిరికట్ట మాదిరి నిలబడతాండావే పాపా" అని శివానిని తెచ్చాడు. నాకు కోపం రాలేదు, బరువు దిగింది. నా పాట మోగే పెళ్ళిళ్ళలో నన్నెవరూ గుర్తుపట్టక కడుపునిండా తిన్నాను. శివాని మంచిది. నేను ఊపిరి తీసుకునే చోటే తనూ తీసుకుంటుంది. అది ఎవరూ నేర్పలేదు.

4. నా పుస్తకాలు కాన్వెంటు లైబ్రరీకి. ఏడో తరగతిలో "ఉండాది" అన్నందుకు నన్ను పీరియడంతా బయట నిలబెట్టిన సిస్టరు ఇంకా ఉంటే, నా మొదటి పాట ఆ మాటతోనే మొదలైందని ఎవరైనా ఆమెకు చెప్పాలి.

5. మా యూట్యూబ్ ఛానల్, కెమెరా, మైకు, పద్నాలుగు పాటల మీద హక్కులు అన్న నాగరాజ్‌కు. ఆ పద్నాలుగింటిలో ప్రతి మాటా, ప్రతి వరసా నావే. నాన్న పోయాక అన్న తన చదువు మానుకుని, టెంట్‌హౌసు సౌండు బాక్సులు మోసి నన్ను చదివించాడు. అది నేను మరిచిపోలేదు. పదిహేనో పాట మాత్రం అతనికి చెందదు.

6. పదిహేనోది "గాజుల మలారం", గాజులమ్మేవాళ్ళు భుజాన వేసుకొచ్చే గాజుల మోపు మీది పాట. మూడేళ్ళుగా ప్రతి పెళ్ళి ఊరేగింపులో డీజే బండ్ల మీద మోగుతున్నది అదే. రచన, సంగీతం, గానం శివకుమారి అని వేసుకున్నాను. గానం ఒక్కటే నిజం.

పత్తికొండ తట్టున మా అమ్మమ్మ ఊళ్ళో గిడ్డమ్మ అని కూలికి పోయే మనిషి ఉంది. ఆమె కూతురు సుంకి సుగ్గికని, అంటే కోతల కాలం వలసకు, గుంటూరు తట్టు మిరపకాయలు కోయడానికి పోయి, తిరిగొస్తుండగా ఆటో బోల్తాపడి చనిపోయింది. శవం దగ్గర గిడ్డమ్మ పాడుతూ ఏడ్చింది. ఆడవాళ్ళ వెనకాల నిలబడి, ఓణీ కింద ఫోన్ పెట్టుకుని, పదకొండు నిమిషాలు రికార్డు చేశాను. జానపదం సేకరిస్తున్నాను అని నాకు నేను చెప్పుకున్నాను.

"గాజుల మలారం వచ్చె సుంకీ, గడప దాటి రావా" అని ఆమె ఏడ్చింది. సుంకి పేరున్న చోటల్లా "పిల్లా" అని పెట్టాను. వరస ముట్టుకోలేదు. అన్న వేగం పెంచి తప్పెట కలిపాడు. నేను వద్దనలేదు.

పోయిన ఏప్రిల్‌లో ఆ ఊరి పెళ్ళిలోనే అది మోగింది. అంట్లు తోముతున్న గిడ్డమ్మ లేచి వచ్చి డీజే బండి ముందర రోడ్డు మీద కూర్చుంది. తాగిందేమోనని జనం నవ్వారు. తరువాత పంక్తిలో తింటున్న నా దగ్గరికి వచ్చింది. "ఆ పొద్దు నువ్వు ఎనక నిలబడి ఏడుస్తాండావనుకుంటి పాపా. ఇనుకుంటా ఉంటివా?" అంది. నేను విస్తరి వైపే చూస్తున్నాను. "నా బిడ్డ పేరు యాడ పెడితివి?" అని అడిగింది. విస్తరి మడిచి లేచిపోయాను.

ఇప్పుడు ఒక సినిమా కంపెనీ ఆ పాట కొంటోంది. అది పూర్తిగా నా సొంతమని నేను సంతకం పెట్టాలి. గడువు రేపు. అన్నకు జరిగిందంతా చెప్పాను. "ఏడుపుకు పట్టా ఉంటాదా పాపా? ఊరంతా ఏడ్చేదే కదా. ఆపరేషన్‌కు ముందర ఒక్క సంతకం పెట్టిపో" అన్నాడు. నేను పోతే నా హక్కులు అమ్మకు వస్తాయి. అమ్మ చేత అతను వేలిముద్ర వేయిస్తాడు. అందుకే ఈ కాగితం.

7. "గాజుల మలారం" మీద సర్వహక్కులూ, ఆ పదకొండు నిమిషాల రికార్డింగూ, నా మరణానంతరం గిడ్డమ్మకు చెందాలి.

(పై 7వ అంశం కొట్టివేశాను. పక్కన సంతకం పెట్టాను. కారణం కింద రాస్తున్నాను.)

8. సారు ఇంతవరకు చదివి కళ్ళద్దాలు తీశారు. "వీలునామా నువ్వు పోయినాకే నోరు తెరుస్తాదమ్మా. నువ్వు బతికొస్తే?" అన్నారు. బతికొస్తే కాగితం బీరువాలో ఉంటుంది, పాట బండ్ల మీద ఉంటుంది, గిడ్డమ్మ మళ్ళీ ఏదో పెళ్ళిలో అంట్లు తోముతుంటుంది. ఆమె మొహం చూడకుండా పని జరగాలని ఇంత దూరం వచ్చి ఇంత రాశాను. పైగా, నాది కానిదాన్ని నేను ఒకరికి రాసివ్వలేను. తిరిగివ్వగలను, అంతే. దానికి చావాల్సిన పని లేదు.

అందుచేత, ఆ మాటలూ ఆ వరసా గిడ్డమ్మవని సినిమా కంపెనీకి ఇప్పుడే ఉత్తరం రాసి, సారు ఫోన్ నుంచి పంపించాను. రికార్డింగు నకలు సారు దగ్గర పెట్టాను. రెండు గంటల బస్సుకు గుత్తి మీదుగా పత్తికొండకు పోతున్నాను. పాట తీసేయమని గిడ్డమ్మ అంటే ఆమె ముందరే తీసేస్తాను. సుంకి పేరుతో పాడమంటే, రేపు సాయంత్రం ఆసుపత్రిలో చేరేలోగా, గొంతు ఉండగానే పాడతాను. తిడితే నిలబడి వింటాను. ఈసారి ఫోన్ సంచిలో ఉంటుంది.

దారిలో నాకేమైనా అయినా ఆ ఉత్తరం చెల్లుతుంది. మిగతా అంశాలు పైన రాసినట్టే అమలు కావాలి.

అన్న ఫోన్ ఇది ఆరోసారి. సంతకం పెట్టగానే ఎత్తి, ఎక్కడికి పోతున్నానో చెబుతాను.

కడప,
18 ఆగస్టు 2025, సోమవారం, మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై.

(సంతకం) టి. శివకుమారి

శివకుమారి మా కళ్ళ ముందర సంతకం చేసింది, 7వ అంశం తానే కొట్టివేసింది:
1. రాహేలమ్మ, నర్సు, సారు పక్కింటి మనిషి
2. జయకుమార్, బండల వ్యాపారం, కడప