రైలెక్కిన బంతి

మే 1, ఉదయం 8
నాయుడుపేట కాలేజీ వాలీబాల్ జట్టు మా చర్చి ఆవరణలో నెట్ కట్టింది. పది రోజులు పిల్లలకు ఉచితంగా ఆట నేర్పుతారట. పదో రోజు వాళ్ల కాలేజీలో ఆటలు నేర్పే పీడీ పద్మనాభయ్య గారు వస్తారు. పన్నెండు మంది పిల్లలు పూర్తి మ్యాచ్ ఆడి చూపిస్తే నెట్, రెండు బంతులు మా ఊళ్లోనే ఉండిపోతాయి. లేకుంటే విప్పుకొని పోతారు.
వచ్చినవాళ్లు పద్నాలుగు మంది. అరుగు మీద కూర్చుని, 1979లో సూళ్లూరుపేట స్టేషన్ పక్కన నేను కొట్టిన సర్వీసు సంగతి ఎత్తుకున్నాను. తల తిప్పితే కోర్టులో ముగ్గురు, నా చుట్టూ పదకొండు మంది!
కెప్టెన్ ప్రత్యూష చేతులు జోడించింది. "జ్ఞానప్రకాశం తాతా, నీకు దండం పెడతా. నువ్వు నోరు తెరిస్తే పిలకాయలు నా మాట ఇనరు."
న్యాయమే. తీర్మానం: పది రోజులు కథలు బంద్!

మే 2
గంటన్నర మాట్లాడలేదు! ఈ పని పెళ్లైన కొత్తలోనే చేసి ఉంటే మా నవోమి ఎంత సుఖపడేదో.

మే 4
అబిగయీలుకు పదేళ్లు. దాని సర్వీసు పాస్టరమ్మ ఆరేసిన వడియాల మీద పడింది. "నా బంతి అయితే రైలెక్కింది" అన్నాను. ఒక్క వాక్యమే. వాక్యం కథ కాదు. వడియాలంటే గుర్తొచ్చింది, మా మేనత్త ఒకసారి... వద్దు.

మే 5
"ఏ రైలు తాతా?" అంది అబిగయీలు. మద్రాసు ప్యాసింజరు అన్నాను. అది సమాచారం.

మే 7
మంచినీళ్ల విరామంలో సగం చెప్పాను. విరామం ఆట కాదు గదా. ఐదు నిమిషాలది ముప్పావు గంటైంది. బంతి కిటికీలోంచి దూరి ఒక అమ్మాయి ఒళ్లో పడిందనేసరికి ప్రత్యూష విజిల్ ఊదింది.
"ఇట్లయితే మ్యాచ్ ఆడినట్టే!"
"నెట్ పీక్కోని పోతారా అక్కా?" అంది అబిగయీలు, నన్నే చూస్తూ.
అన్నం సయించలేదు.

మే 9
తువ్వాలుతో నోరు కట్టుకున్నాను. భలే ఆడారు! పంటి నొప్పనుకొని పాస్టరమ్మ లవంగాలు పంపింది.

మే 10, మధ్యాహ్నం
అయిపోయింది.
పీడీ గారు వచ్చి నా పక్కనే కూర్చున్నారు. "పెద్దాయనా, మీరూ ఆడేవారా?" అడిగింది పిల్లలు కాదు, పీడీ గారు! తువ్వాలు విప్పాను.
మళ్లీ ఇద్దరం తలెత్తేసరికి పన్నెండు మందీ మ్యాచ్ ముగించి, చెమటలు కక్కుతూ ఎదురుగా నిలబడి ఉన్నారు. ఆయన ఒక్క పాయింటు కూడా చూడలేదు.
"మ్యాచ్ చూడకుండా, నెట్ ఇచ్చే కాగితం మీద ఎట్లా సంతకం పెట్టేది?" అని తల గోక్కున్నారు. అబిగయీలు నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.
"ఇంకో పది రోజులు నేర్పండమ్మా. ఇరవయ్యో తేదీ మళ్లా వస్తా. నెట్ అట్లే ఉండనీ."
పిల్లలు ఎగిరి గంతేశారు. ప్రత్యూష కోర్టులోనే కూలబడింది. "తాతా! ఊరికి పోయేదానికి టికెట్ తీసుకోనుండానే!" అంటూనే నవ్వేసింది.
పీడీ గారు బండెక్కి మళ్లీ దిగారు. "ఇంతకీ ఆ బంతి తిరిగొచ్చిందా?"
"ఇరవయ్యో తేదీ, మ్యాచ్ అయినాక చెప్తా సార్."

మే 11, ఉదయం 5.30
కొత్త తీర్మానం: పది రోజులు కథలు బంద్! తువ్వాలు ఉతికాను. బంతి సంగతి ఈ డైరీకి కూడా చెప్పను.
వంటింట్లోంచి నవోమి: "ఏమయ్యా, నా ఒళ్లో పడిన బంతి గురించేనా రాసేది? దాన్ని తిరిగిచ్చేదానికి మా నాయనతో నేనొచ్చిన రోజు గూడా రాయి!"
ఇరవయ్యో తేదీ దాకా ఇంట్లో రెండు తువ్వాళ్లు కావాలి.