వెనక సీటులో పాఠం

సూరమ్మా, ఇది నీకు కాక ఇంకెవరికి చెప్పుకోనే?

నువ్వు పోయాక ఇవాళే మళ్లీ చేపల గంపతో శ్రీకాకుళం బస్సెక్కాను. ఓపెన్ టెన్త్ పరీక్ష కోసం మనం ఇంగ్లీషు భూతకాలం వల్లెవేసిన వెనక సీట్లోనే కూర్చున్నాను. నేను ‘గో’ అంటే నువ్వు ‘వెంట్’ అనేదానివి. ‘ఈట్’ అంటే ‘ఏట్’ అనేసి, “ఓలమ్మ, ఆకలేస్తన్నాది, ఇంక సాలే” అనేదానివి.

కండక్టరు టికెట్టు ఇస్తూ, “ఏటమ్మా, ఈయేల పాఠం నేదా?” అన్నాడు. నేను చిల్లర కొంగున ముడేసుకున్నాను. నవ్విద్దామనేమో, ఆయనే “క్యాచ్” అని ఆగాడు. బస్సంతా నా వైపు తిరిగింది.

జవాబు నాకొచ్చు. కానీ చెప్పే వంతు నీది.

చేపల వాసనకి మన పక్కన ఎవరూ కూర్చోరు కదా. నేను దిగేదాకా నీ చోటు ఖాళీగానే ఉంది.