మా గడప ముందు డప్పు

1986 జూన్, గురువారం రాత్రి

నన్ను కన్న అవ్వకు ఇంత ధైర్యం ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

సబ్సిడీ మీద ఆయిల్ ఇంజన్లు ఎవరెవరికి ఇచ్చారో ఊరంతా వినేలా చాటించమని కొత్తగా వచ్చిన వ్యవసాయ అధికారి చెప్పాడట. ఒక్కో ఇంటి ముందు ఆగి డప్పు కొట్టి చెబుతూ వస్తున్న రాజయ్య, మా గడప ముందుకు రాగానే గొంతు తగ్గించాడు. అతని వెనక వాడకట్టంతా నిలబడి ఉంది.

అవ్వ అరుగు మీదికి వచ్చింది. "గట్టిగ చెప్పు రాజయ్యా. అందరి ఇండ్ల ముంగట ఎట్ల చెప్పినవో గట్లనే చెప్పు."

"సన్నకారు రైతుల కింద... మన దొరకు ఇంజన్ ఇచ్చిండ్రు దొరసానీ" అన్నాడతను తల వంచుకుని.

నలభై ఎకరాలున్న మా బాపు సన్నకారు రైతట! బావి మీది కొత్త ఇంజన్ సొంత డబ్బుతో కొన్నాడనే అనుకున్నాం. ఎవరో కిసుక్కున నవ్వారు. అవ్వ లోపలికి వెళ్లిపోతుందనుకున్నాను.

"ఇంజన్ వాపస్ ఇస్తున్నం. గిది గూడ డప్పు కొట్టి చెప్పు. ఈడికెల్లే షురూ చెయ్" అంది.

రాజయ్య ఒక్క క్షణం నమ్మలేదు. తరువాత కొట్టిన దెబ్బకు మా కిటికీలు అదిరాయి.

బాపు రేపు ఆదిలాబాద్ వెళ్లి ఆ అధికారిని బదిలీ చేయిస్తాడేమోనని భయంగా ఉంది. ఇందాక అన్నం దగ్గర ఒకే మాట అన్నాడు, "నా ఇజ్జత్ తీసినవ్" అని.

అవ్వ ఆయన కంచంలో పెరుగు వేస్తూ చెప్పింది, "తియ్యలే. నిలవెట్టిన."