మూడో వరుసలో అంకె

రైన్‌లాండ్, జర్మనీ
1946 జూన్ 11

ఎడిత్ మోర్లాండ్ గారికి,

మీ అమ్మగారి దగ్గు తగ్గిందని తలుస్తూ నమస్కరించి రాస్తున్నాను. నేను క్షేమమే, కోపం సంగతి వేరు. యుద్ధంలో మీ చెల్లెలు లుసెట్ ఫ్రాన్సు నుంచి రహస్యంగా పంపిన రేడియో సందేశాలను లండన్ ఆఫీసులో విప్పి చదివిన దాన్ని కదా, కోర్టులో జరిగింది ఉన్నదున్నట్టు రాయమన్నారు.

నిన్నటిదాకా అభియోగపత్రంలో ఆమెకు పేరు లేదు. ‘గుర్తు తెలియని నాలుగో స్త్రీ’, అంతే. కొండమీది నాజీ శిబిరంలో మనవాళ్లు పంపిన నలుగురు ఆడవాళ్లను చంపి కాల్చేశారు. ముగ్గురిని గుర్తుపట్టిన సాక్షులు దొరికారు. నాలుగో ఆమె లుసెటే అని తేలకపోతే ఆమె చావుకు జవాబు చెప్పేవాడే ఉండడు.

ముద్దాయిల వకీలు వాదన వినండి. యూనిఫాం లేకుండా తిరిగింది కాబట్టి గూఢచారి అట, గూఢచారిని చంపితే నేరం కాదట. సరే, గూఢచారే అనుకుందాం. విచారణ ఏది? తీర్పు ఏది? దానిమీద సంతకం ఎవరిది? పేరైనా రాసుకోకుండా మనిషిని కాల్చేసినవాళ్లకు ఇవాళ చట్టం గుర్తుకొచ్చింది!

మనవాళ్లేం తక్కువ తిన్నారా? మా కర్నల్ వరండాలో నన్ను ఆపి, ఆడపిల్లల్ని పంపామని ఊరంతా చాటడం ఎందుకమ్మా మ్యూరియల్, ఇంటికెళ్లి టీ తాగు అన్నాడు. పంపినప్పుడు లేని సిగ్గు వాళ్లు చచ్చాక ఎక్కడినుంచి ఊడిపడింది సార్ అన్నాను. మళ్లీ నా వైపు రాలేదు.

నిన్న క్రాట్‌ష్మర్ అనే జర్మన్ రేడియో మనిషి సాక్ష్యానికి వచ్చాడు. పట్టుబడినవాళ్ల రేడియోల మీద, వాళ్లలాగే టక్‌టక్‌మని మోర్స్ మీట నొక్కి లండన్‌ను నమ్మించడం వాడి ఉద్యోగం. మీట నొక్కడంలో ఒక్కొక్కరిది ఒక్కో వాటం. గొంతు పోల్చినట్టే మేం చెయ్యి పోలుస్తాం. నాలుగో ఆమె ఎవరని అడిగితే, పేరు నాకు చెప్పలేదండీ, చెయ్యి మాత్రం వచ్చు అన్నాడు. ఏదీ చూపించు అన్నాడు ప్రాసిక్యూటర్. వాడు పెన్సిల్ తిరగేసి బల్లమీద కొట్టాడు.

ఎడిత్ గారూ, లుసెట్ గదిలోకి వచ్చింది.

ప్రతి మాటలో చివరి అక్షరం ముందు కాస్త ఆగేది చూడండీ, మెట్టు తప్పబోయి నిలదొక్కుకున్నట్టు, అదే. ఆమె బూడిదై రెండేళ్లు. వాడి మొహంలో ఏమీ లేదు, వేళ్లు మాత్రం ఆమెవి. పెన్సిల్ లాక్కున్నాక కూడా అవి కదులుతూనే ఉన్నాయి. ఇది పోదండీ, రొట్టె కోసేటప్పుడూ వస్తుంది, నా పెళ్లాం నాతో బల్లదగ్గర కూర్చోవడం మానేసింది అన్నాడు.

నేను లేచి ప్రమాణం చేసి, అది లుసెట్ మోర్లాండ్ చెయ్యి అని చెప్పాను. ఎవరి చెయ్యి నేర్చుకున్నానో ఆమెనే శిబిరం లారీ ఎక్కించామని వాడు ఒప్పుకున్నాడు. సాయంత్రానికి పత్రంలో ఆమె పేరు పడింది.

ఆమె పట్టుబడ్డాక కూడా ఆ దొంగ సందేశాలను లండన్ ఏడు నెలలు ఎలా నమ్మిందని మీ ఉత్తరంలో అడిగారు. ఆఫీసు పెద్దల పొగరు, ఇంకేముంది.

కోపంలోనూ మీ మేలు కోరే
మ్యూరియల్ థ్వెయిట్

తా.క. పెద్దల పొగరన్న పై మాట కొట్టేద్దామనుకున్నాను. ఉండనివ్వండి, నేనెలా తప్పించుకుంటానో మీకూ తెలియాలి. మా పద్ధతి ఇది: తాను క్షేమంగా ఉన్నంతకాలం ప్రతి సందేశం మూడో వరుసలో లుసెట్ అర్థంలేని అంకె ఒకటి పెట్టాలి. అంకె లేదంటే పట్టుబడ్డానని. వాళ్లు తలకు తుపాకి పెట్టి పంపించిన మొదటి సందేశంలో ఆమె అంకె వదిలేసింది. అది నా బల్లమీదికే వచ్చింది. బద్ధకించిన పిల్లను కసిరినట్టు జవాబు పెట్టాను: మూడో వరుసలో అంకె మరిచావు, ఇకమీదట జాగ్రత్త.

ఆ జవాబు అందుకున్నది వాళ్లు. తర్వాతి సందేశాల్లో అంకె తప్పలేదు. అంతదాకా అంకె సంగతే మాకు తెలియదండీ, లండన్ వాళ్లే చెప్పారు, ఆమెకు చదివి వినిపిస్తే నవ్వింది, ఆ తర్వాత మళ్లీ మాట్లాడలేదు అన్నాడు క్రాట్‌ష్మర్. ఆ జవాబు ఎవరు పంపారని కోర్టు అడగలేదు. రేపు అడగకపోయినా చెబుతాను.

కుడిచేత్తో ఇది రాస్తున్నాను. ఎడమచేతి వేళ్లు ఇందాకటి నుంచి బల్లమీద కొడుతున్నాయి. చివరి అక్షరం ముందు ఆగుతున్నాయి.