పదమూడో మానిక

కొంటా ఊరి నుంచి

అక్కకు,

ఇక్కడ అమ్మ, నాన్న, నేను, కొట్టు గుమ్మంలో పడుకునే కుక్కతో సహా అందరం బాగున్నాం. జగదల్‌పూర్‌లో నువ్వు, బావ, పాప వాసవి కూడా బాగున్నారనుకుంటున్నాను.

నాన్న మోకాలు ఎలా ఉందని అడిగావు. సుక్మాకి బస్సులో నిలబడి వెళ్ళొచ్చాడు, చాలా? ఫోన్ ఉండగా ఉత్తరమేంటని నవ్వకు. ఫోన్లో నువ్వు "ఎలా ఉన్నావురా" అనగానే "బానే ఉన్నా" అనేస్తాను. చెప్పాల్సింది నోట్లోనే ఉండిపోతుంది.

ఇక నీ అసలు ప్రశ్న. వాసవి పుట్టువెంట్రుకలకు దంతెవాడ గుడికి వస్తావా అని. అందరి ముందు పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటి మూడు కత్తెరలు మేనమామే వేయాలని రాశావు. అది చదివినప్పటి నుంచి కాలు ఒకచోట నిలవలేదు, ఊరికే బండేసుకుని తిరిగాను.

మొన్న సంతరోజు నాన్న ఊళ్ళో లేడు. ఉలవలు కొనడానికి నేనొక్కడినే కూర్చున్నాను. ఉలవలమ్మడానికి వచ్చిన హిడ్మే అత్త గంప దించింది. ఆమె వెనక ఇరవై మంది, అందరి కళ్ళూ నా చేతి మీదే. గుండె దడదడలాడింది. వేళ్ళు చల్లబడ్డాయి. ఊపిరి లోపలికి దిగడం లేదు, ఇక పోతాననుకున్నాను. మామూలుగా అయితే టీ తాగొస్తానని లేచి పోయేవాణ్ణి. ఆ రోజు సరుకు వదిలి పోయే వీల్లేదు. కొలిచే మానిక గంపలో ముంచితే సగం ఒలికింది.

"ఏంది చిన్న సేటూ, జరమొచ్చిందా?"

"లేదత్తా."

"అయితే నోరు తెరిచి లెక్కపెట్టు. మీ నాయిన లెక్క మా ఊరిదాంక ఇనబడ్తది. నీది నీకే ఇనబడ్తలేదు."

నాన్న కొలత నీకు తెలుసుగా. ఒకటి అనడు, లాభం అంటాడు. తర్వాతి మానిక నిండేదాకా అదే మాట సాగదీస్తాడు. నేనూ అలాగే మొదలుపెట్టాను. లాభమూ లాభం... రెండూ రెండు... మాట సాగాలంటే ఊపిరి నిదానంగా వదలాలి కదా. అయిదుకి వేళ్ళు వెచ్చబడ్డాయి. ఎనిమిదికి భుజాలు దిగాయి. పన్నెండుకి ఎంత హాయిగా ఉందంటే, గంప అయిపోయిందని చూసుకోకుండా ఉత్త మానిక ఎత్తి పదమూడూ పదమూడు అని పాడేశాను.

సంతంతా నవ్వింది.

"గాలి గూడ కొంటున్నవా సేటూ? మళ్ళీ వారం గంపెడు తెస్త" అంది హిడ్మే.

నాకూ నవ్వాగలేదు. అక్కా, ఇన్నాళ్ళూ నేను భయపడింది సరిగ్గా దీనికే, అందరూ నన్ను చూసి నవ్వుతారని. నవ్వారు. ఏమీ కాలేదు. వెనకున్న మంగల్ తన గంప ముందుకు తోసి "నాది గూడ పాడు" అన్నాడు.

అందుకే ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. నీ పెళ్ళిలో నీ దోసిట్లో పేలాలు పోయాల్సిన వేళకు బండి పంక్చరైందని చెప్పాను. కాలేదు. పందిరి వెనక గ్యాస్ బండల పక్కన కూర్చుని ఊపిరి కోసం కొట్టుకుంటున్నాను. నువ్వు నాకోసం తల తిప్పి తిప్పి చూశావని అమ్మ తర్వాత చెప్పింది. బడి మానేసింది కూడా చదువు రాక కాదు, నిలబడి పైకి చదవమంటారని. అందరూ నన్ను తిరుగుబోతంటే ఊరుకున్నాను. పిరికివాడనడం కన్నా అదే నయమనిపించింది.

దంతెవాడ వస్తాను. అక్కడ మళ్ళీ దడ పుట్టొచ్చు, ఒక్క సంతతో పోయేది కాదులే. ఎవరైనా తొందరపెడితే కాస్త ఆపు. కత్తెర పట్టుకుని నేను లాభమూ లాభం అంటే మీ అత్తగారు కంగారుపడకుండా ముందే చెప్పి పెట్టు. మూడు దాటి నాలుగు అన్నానంటే మాత్రం కత్తెర లాక్కో.

ఇట్లు,
పందిరి వెనక కాక ఈసారి నీ పక్కనే ఉండబోయే తమ్ముడు,
వాసవి మేనమామ,
భానుప్రకాష్