పసుపు రాసిన ఎర్ర కారు

లూకన్,
శుక్రవారం ఉదయం

చిరంజీవి సూరిబాబుకి,

అక్క మనసారా దీవించి రాస్తున్న సంగతులు. ఇక్కడ మేం క్షేమం. నువ్వు, మరదలు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మరదలి మోకాలి నొప్పి తగ్గిందా? కంటి ఆపరేషన్ అయ్యాక పిన్నికి చూపు ఎలా ఉంది? ఫోన్లో అడుగుతున్నవే. అయినా కాగితం మీద అడిగితేనే అడిగినట్టుంటుంది నాకు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటావు. నీతో చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. ఫోన్లో రెండుసార్లు మొదలుపెట్టి, ఆవకాయ పెట్టారా అని అడిగి పెట్టేశాను. ఇక్కడి బోమాంట్ ఆస్పత్రిలో పనిచేసే పద్మగారు కాకినాడ వస్తున్నారు. ఆమె చేతికి ఇస్తున్నాను.

నాలుగు రోజులుగా ఒకటే గాలి. ఎండ వచ్చిందని బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి వాన. క్రెష్‌లో పసిపిల్లల్ని చూసుకునే నా పని మామూలే. మీ బావ ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకుంటున్నారు. ఎవరికీ ఏ లోటూ లేదు. నాకే కుదురు లేదు. జపమాల తిప్పుతూ లెక్క తప్పి మళ్లీ మొదటికి వస్తున్నాను.

కారణం నీ మేనకోడలు. వాటర్‌ఫోర్డ్ ఆస్పత్రిలో డాక్టరుగా చేరి రెండేళ్లయింది. ఇప్పుడు హారికకి జపాన్ వాళ్ల స్పోర్ట్స్ కారు కావాలట. కొత్తది కాదు, ఇరవై ఏళ్ల నాటిది. "కొత్తవి నాకు అందవమ్మా. ఇవైతే తేలిగ్గా ఉంటాయి, ఇంజన్ మొండిది, సామాను దొరుకుతుంది, సెలవు రోజున నేనే విప్పి బిగించుకోవచ్చు" అంటుంది. అది ఇక్కడి యాసలో ఇంగ్లీషే మాట్లాడుతుంది, తెలుగు చేసి రాస్తున్నాను. ఒకరోజు సెలికా అంటుంది, ఒకరోజు ఎమ్మెక్స్ ఫైవ్ అంటుంది. ఈ పేర్లు నీకు కొత్త కావు. దానికి వీడియోలు పంపేది నువ్వేనని నాకు తెలుసు. కోపం లేదు.

"రెండే సీట్లా? మరి నన్నెక్కడ పెడతారు, డిక్కీలోనా?" అన్నారు మీ బావ.

"డిక్కీలో నువ్వు పట్టవు నాన్నా. పొట్ట తగ్గించు, చూద్దాం."

ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నాన్న స్కూటర్ మీద వెళ్లి తిరిగి రాని రోజు నుంచి చక్రాలున్నది ఏదైనా నాకు భయమేనని నీకు తెలుసు. వద్దని చెప్పాలనే పోయిన శనివారం మీ బావ కారులో దాని వెంట బయలుదేరాను. దారంతా ఒకటే ప్రార్థన. స్వామీ, ఆ కారులో ఏదైనా లోపముంటే నువ్వే చూపించు, వద్దనే మాట నా నోట రానీయకు.

నేస్ అనే ఊరు దాటాక ఒక ఇంటి ముందు ఉంది. ఎర్రది. నా నడుం ఎత్తు కూడా లేదు. అమ్మే ఆయనకు అరవై ఉంటాయి. ఒకసారి నడిపి చూసుకోండి అన్నాడు. నేను సంచిలోంచి పసుపు డబ్బీ తీశాను.

"అమ్మా, ఇంకా కొనలేదు."

"కొనకపోతే ఏం? నువ్వు కూర్చుంటున్నావు కదా."

హారిక ఆయనకేదో సంజాయిషీ చెప్పబోయింది. ఆయన చేతిలో టీ కప్పు గోడ మీద పెట్టి, "మా అమ్మ కూడా చర్చి నీళ్లు చల్లందే కొత్త కారు ఎక్కనిచ్చేది కాదు. కానివ్వండి" అన్నాడు.

సన్నగా వాన పడుతోంది, పసుపు తడపడానికి వేరే నీళ్లు అక్కర్లేకపోయింది. ఇంటికి గడప ఎలాగో, కారుకి తలుపు కింది పట్టీ అలాగే కదా. వంగి అక్కడ రాశాను. వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి వేలు లోపలికి దిగింది. రంగు పెచ్చుగా ఊడింది. లోపల అంతా తుప్పు. పైన ఏదో ముద్ద పూసి రంగు వేశారు. ఆయన ముఖం కందిపోయింది. నాకు తెలియదన్నాడు. తెలియదో, తెలిసి ఊరుకున్నాడో, పైవాడికే తెలియాలి.

అడిగింది ఇచ్చాడు స్వామి. ఇక నేను చూశావా అంటే చాలు. హారిక జాకెట్ చేతి కొసతో కారుకంటిన పసుపు మెల్లగా తుడిచింది. "ఇట్స్ గ్రాండ్, అమ్మా. పద" అంది. ఇక్కడ గ్రాండ్ అంటే పర్వాలేదని.

నాకు నువ్వు కనిపించావు. అప్పుడు నీకు ఇరవై ఒకటి. నాన్న పోయిన మరుసటి ఏడు. ఎవరి దగ్గరో పాత మోటారుసైకిలు తెచ్చి వీధిలో నిలబెట్టి, "అక్కా, ఒక్కసారి వచ్చి చూడవే" అంటూ లోపలికి వచ్చావు. నేను పప్పు రుబ్బుతున్నాను. తలెత్తకుండా "తిరిగి ఇచ్చేసి రా" అన్నాను. నువ్వు తాళం చెవిని చొక్కా అంచుతో తుడిచి, సరేనని వెళ్లావు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఇప్పటికీ బ్యాంకుకి బస్సులోనే వెళ్తున్నావు.

తిరిగి వస్తూ, "ఇంకోటి ఎక్కడుందో చూడు" అన్నాను.

అది కారు పక్కకి తీసి ఆపింది. "ఏంటి?"

"ఇంకోటి. తుప్పు లేనిది. పసుపు నేను తెస్తాను."

అది ముక్కు చీదుకుని, "వేలు కూడా తీసుకురా" అంది.

భయం పోయిందని రాస్తే అబద్ధం. వారం రోజులుగా ఎక్కడ కారు ఆగి ఉన్నా వంగి తలుపు కింద చూస్తున్నాను. మొన్న షాపు ముందు ఒకాయన, ఏమైనా పడేసుకున్నారా అని అడిగాడు. రేపు వాటర్‌ఫోర్డ్ వెళ్తున్నాం, అక్కడ నీలం రంగుది ఒకటి ఉందట. ఈ ఉత్తరం నీకు అందేసరికి ఏదో ఒకటి తేలుతుంది. బాగుంటే అది కొనుక్కుంటుంది. మొదటిసారి పక్క సీట్లో నేను కూర్చుంటానని చెప్పాను. చెప్పిన దగ్గర నుంచి నిద్ర సరిగా లేదు. నువ్వేం కంగారు పడకు, నేను బాగానే ఉన్నాను.

పద్మగారు తిరిగి వచ్చేటప్పుడు కొమ్ములు కొట్టించిన పసుపు కాస్త పంపు. ఇక్కడిది రంగే గానీ వాసన లేదు. పిన్నికి, బాబాయికి నా నమస్కారాలు. హారికని తలుచుకుని దీవించమని చెప్పు. పిల్లలకు నా ముద్దులు. మీరందరూ చల్లగా ఉండాలని రోజూ దీపం దగ్గర అనుకుంటూనే ఉంటాను.

ఒక్క సంగతి మాత్రం మరచిపోకుండా రాయి. ఆ రోజు నేను వీధిలోకి రాలేదు కదా. నీ బండి ఏ రంగు?

నీ క్షేమం కోరే
పెద్దక్క సత్యవతి