నిద్రలో తీసిన కొలత

1976 ఆగస్టు 1, ఆదివారం

సంచి మాట మళ్ళీ వచ్చింది. చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే. "పిల్లాడి సామానుకి మంచి సంచి ఒకటి ఉంటే బాగుండును అత్తయ్యగారూ" అంది నా కోడలు రాణి. రెండున్నర నెలల పిల్లోడికి సామానేమిటి? పాత చీర ముక్కలు నాలుగు, పాలసీసా ఒకటి. ఉయ్యూరులో, ఇంట్లో, నా మంచం పక్కన ఊయల్లో ఉండే పిల్లోడికి సంచి దేనికి? ఎక్కడికైనా వెళ్ళేవాళ్ళకి గదా సంచి.

అందుకే ఇవాళ్టి నుంచి రాయిస్తున్నాను. నాకు అక్షరం రాదు. పక్కింటి పంతులమ్మగారు రాస్తారు, నేను చెబుతాను. రేపు ఎవరైనా "ముసలిది ఊరికే అనుమానపడింది" అంటే — ఇదిగో, తారీకులతో సహా.

ఆగస్టు 2, సోమవారం

రాణి బెజవాడలో ఆసుపత్రి నర్సు. సెలవు ఈ నెలాఖరు వరకే. ఒకటో తారీకున డ్యూటీలో చేరాలి. అప్పుడు పిల్లోడు ఎక్కడ? ఎవరూ చెప్పరు. నేను అడగను. నా ఇంట్లో నేనెందుకు అడగాలి...

ఇబ్రహీంపట్నంలో దాని తల్లి ఉంది. పురుడు అక్కడే పోశారు. రెండు నెలలు ఆవిడే ఎత్తుకుంది. ఇంకా ఎత్తుకోవాలని ఉండదా? ఉంటుంది.

ఆగస్టు 4, బుధవారం

మొదటి సంచి. సంచి కాదు, వైరు బుట్ట. పచ్చ వైరు, తెల్ల వైరు కలిపి అల్లింది. వియ్యపురాలు అల్లి పంపింది. చూడటానికి బాగుంది, కాదనను. అందులో పాలసీసా పెట్టి వరండా ఈ చివర్నుంచి ఆ చివరకి నడిచాను. సీసా ఒరిగింది. పాలు కారాయి. కన్నాల బుట్టకి పాలు ఆగుతాయా? నీళ్ళు అడుగునుంచి కారతాయి, దుమ్ము పైనుంచి పడుతుంది. మూత లేదు. బస్సులో పక్కనున్నదల్లా తొంగిచూస్తుంది మా పిల్లోడి గుడ్డల్లోకి.

ఈ వియ్యపురాలు ఎటువంటిదంటే .................

ఈ మాట పంతులమ్మగారు రాయనన్నారు. "కాగితం మీద అలాంటివి పెట్టకండి రాహేలమ్మగారూ, రేపు మీకే బాగుండదు." సరే, ఖాళీ వదలమన్నాను. వదిలారు.

ఆగస్టు 6, శుక్రవారం

రెండోది. నా కొడుకు యోసేపు పని మీద బెజవాడ వెళ్ళి గవర్నర్‌పేటలో కొన్నాడట. ఎయిర్ బ్యాగట. నీలం రంగు, మీద విమానం బొమ్మ. "చూడవే అమ్మా, ఎంత స్టైలుగా ఉందో." వాసన చూశాను. కొత్త రిక్షా సీటు వాసన. ఆ వాసనలో పిల్లోడి పాలు పెట్టాలట! లోపల ఒకటే గొయ్యి. సీసా ఎక్కడ, ఎండు గుడ్డ ఎక్కడ, తడిసిన గుడ్డ ఎక్కడ? అన్నీ కలిసి పడుకుంటాయి. పిల్లోడు ఏడుస్తుంటే ఒక చేత్తో వాణ్ణి పట్టుకుని రెండో చేత్తో అడుగుదాకా తవ్వాలి.

"మరి నీకెలాంటిది కావాలమ్మా?" అన్నాడు.

నాకా? నాకు సంచే వద్దు. నాకెందుకు కావాలి? ఈ ఇంట్లోంచి ఎవరు కదులుతున్నారో అది చెప్పరా ముందు — అన్నాను. తల గోక్కున్నాడు. చిన్నప్పుడు మామిడికాయలు దొంగిలించి వచ్చినప్పుడూ ఇట్టాగే గోక్కునేవాడు.

ఆగస్టు 7, శనివారం

జిప్పు లాగినప్పుడల్లా పిల్లోడు ఉలిక్కిపడుతున్నాడు.

ఆగస్టు 8, ఆదివారం

ఇవాళ విన్నది విన్నట్టు రాయండి అన్నాను.

పొద్దున వంటింట్లో మొగుడూ పెళ్ళాలు. నేను తడిక ఇవతల బియ్యం చేటతో ఉన్నాను. నా చెవులు బాగానే ఉన్నాయి, అది వాళ్ళకి తెలియదు.

రాణి — "...ఇప్పుడే చెప్పొద్దు."

వాడు — "తెలిస్తే ఒప్పుకోదు గదా."

రాణి — "మధ్యాహ్నం నిద్రపోతారు గదా, అప్పుడు కొలత తీసుకుంటాను..."

కొలత!

ఆగస్టు 10, మంగళవారం

తీశారు.

అన్నం తిని వరండాలో చాప మీద పడుకున్నాను. కళ్ళు మూశాను గాని నిద్రపోలేదు. రాణి వచ్చింది. మెత్తగా, నర్సు నడక. నా కుడి భుజం మీద ఏదో ఆనింది. దారం. భుజం మీంచి గుండెల మీదుగా ఎడమ తుంటి దాకా వచ్చింది. అక్కడ ఆగింది. ముడి వేసింది. ముడి వేసేటప్పుడు దాని గాజులు చప్పుడు కాకుండా మోచేతి దాకా లాక్కుంది. రెప్పల సందులోంచి అది కూడా చూశాను.

రవిక కొలతైతే టేపుతో తీస్తారు. అడిగి తీస్తారు. చెప్పకుండా దారంతో కొలిచేది ఒక్కదానికే. మా ఆయన పోయినప్పుడు శవప్పెట్టె కొలతకి వడ్రంగి దారం తెచ్చాడు — తల దగ్గర ఒక ముడి, పాదాల దగ్గర ఒక ముడి. మా పేటలో ఆ దారం మళ్ళీ దేనికీ వాడరు. పెట్టెలోనే వేసేస్తారు. ఆయనతో వేశారు. నేనే వేశాను.

నా పెట్టెకి కొలత తీసింది నా కోడలు. నేను ఊపిరి పీలుస్తుండగానే.

ఆగస్టు 11, బుధవారం

పొద్దున్నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. రాణి మూడుసార్లు వచ్చింది. "ఒంట్లో బాగాలేదా అత్తయ్యగారూ?" నాడి పట్టుకోబోయింది. చెయ్యి లాగేసుకున్నాను.

పంతులమ్మగారికి చెబితే పెన్ను పక్కన పెట్టి మరీ నవ్వారు. "పెట్టెకి నిలువు కొలుస్తారు గాని భుజం నుంచి తుంటి దాకా ఎవరు కొలుస్తారండీ? సగం మనిషికి చేయిస్తారా?"

అదీ నిజమే.

మధ్యాహ్నం కాస్త పెరుగన్నం తిన్నాను. అనుమానం పోలేదు. పెట్టె కాకపోతే దేనికి?

ఆగస్టు 14, శనివారం

ఇవాళ రాసేది కోడలు. పంతులమ్మగారికి జ్వరం. మాత్ర ఇచ్చి వచ్చి, "నేను రాస్తాలెండి అత్తయ్యగారూ" అని పుస్తకం తీసింది. దొంగకే తాళంచెవి ఇచ్చినట్టుంది. అయినా రాయనీ. ముఖం మీదే చెబుతాను.

నా కోడలు నా దగ్గర ఏదో దాస్తోంది — రాశావా? రాశానండీ అంటోంది. నిద్రపోయే మనిషిని దారంతో కొలిచింది — రాశావా? ... ఏం, పెన్ను ఆగింది? రాయి. నా మనవణ్ణి వాళ్ళమ్మ దగ్గర దింపబోతోంది, ఆ సంచి దానికే. అది కూడా రాయి. అంతే. నా మాట అయిపోయింది.

అత్తయ్యగారి మాట అయిపోయింది. ఇది నా మాట. మా అమ్మకి మోకాళ్ళు పోయాయి, పిల్లాణ్ణి ఎత్తుకుని నాలుగడుగులు వెయ్యలేదు. ఆసుపత్రి వెనక వీధిలో ఒక గది చూశాం. పగలు రెండుసార్లు ఎవరైనా బాబుని పాలకి నా దగ్గరకి తీసుకురావాలి. రోడ్డు దాటాలి, రిక్షాలు, బస్సులు. ఒక చేతిలో బాబు, రెండో చెయ్యి ఖాళీగా ఉండాలి. అందుకని భుజాన అడ్డంగా వేసుకునే సంచి. పట్టీ అత్తయ్యగారి భుజానికి కొలిచాను. మీరు వస్తారా అని పది రోజులుగా అడుగుదామనుకుంటున్నాను. ఈ ఇల్లు వదలనంటారేమోనని భయం. ఎదురుగా కూర్చుని అడగలేక ఇలా రాస్తున్నాను.

ఆగస్టు 15, ఆదివారం

పంతులమ్మగారు ఇంకా లేవలేదు. మంచం మీంచే ఒక్క వరస రాస్తానన్నారు. రాయండి — నిన్న నేను చెప్పింది నాలుగు ముక్కలు. కోడలి పెన్ను మాత్రం సగం పేజీ నడిచింది.

ఆగస్టు 17, మంగళవారం

చదివించాను. పంతులమ్మగారు పైకి చదువుతూ చదువుతూ గొంతు తగ్గించారు. గట్టిగా చదవండి, నాకేం సిగ్గు అన్నాను. రెండుసార్లు చదివించాను. మూడోసారి "భుజానికి కొలిచాను" అన్న దగ్గరే చదవమన్నాను.

సరే. పెట్టె కాదు. వియ్యపురాలు కాదు. ఆవిడ మోకాళ్ళ సంగతి నాకెవరు చెప్పారు? ఆ నాలుగో తారీకు ఖాళీలో ఏమీ రాయొద్దన్నాను, అలాగే ఉంచమన్నాను.

కానీ ఇప్పుడు ఇంకోటి తొలుస్తోంది. గదిలో పిల్లోడితో పగలంతా, ఎండలో రోడ్డు దాటి రెండుసార్లు. ఈ పని చేసేదాన్ని ఆసుపత్రిలో ఆయా అంటారు. రాణికి కావలసింది పిల్లోడి నాయనమ్మా, లేక ఆయానా? రెండిటికీ పట్టీ కొలత ఒకటే.

ఇంకొకటి. నాకు చదువు రాదని తెలిసీ రాసి అడిగింది. రాసి అడిగితే అడిగినట్టా? పంతులమ్మగారు చదవకపోయి ఉంటే? నాకు వినపడని ప్రశ్నకి నేను జవాబు చెప్పను. నాకు తెలిసిందని కోడలికి చెప్పొద్దని పంతులమ్మగారి చేత ప్రమాణం చేయించబోయాను. "ప్రమాణాలు చెయ్యకూడదండీ, మాటిస్తాను" అన్నారు.

ఆగస్టు 21, శనివారం

సంచి వచ్చింది. గవర్నర్‌పేటలో రిక్షా సీట్లు కుట్టే మస్తాను చేత కుట్టించారట. రెగ్జిను. వంకాయ రంగు, అంచున తెల్లగోటు, ముందు ఇత్తడి బొత్తం. పిల్లోడి గుడ్డలకి ఇత్తడి బొత్తమా! "డాక్టరమ్మల ముందుకి వెళ్ళే సంచి గదా, చూడటానికి బాగుండాలి అత్తయ్యగారూ" అంది రాణి.

వాళ్ళు అటు వెళ్ళాక బొత్తం తుడిచాను. ఊరికే. వేలిముద్రలు పడ్డాయని.

ఆగస్టు 22, ఆదివారం

అరలు లెక్కపెట్టాను, ఎవరూ లేనప్పుడు. సీసాకి నిలువు అర, ఒరగదు. ఫ్లాస్కుకి ఒకటి. ఎండు గుడ్డలకి పెద్దది. తడిసినవాటికి లోపల ఆసుపత్రి రబ్బరు షీటు వేసి కుట్టారు, చుక్క బయటికి రాదు. చెంబుతో నీళ్ళు పోసి చూశాను. రాలేదు. జిప్పు లేదు, పిల్లోడు ఉలిక్కిపడడు. ఒక్క చేత్తో తెరవొచ్చు.

ఇంకొక చిన్న అర పక్కన ఉంది. పౌడరు డబ్బా పట్టదు. గ్రైపు వాటరు సీసా జారి లోపల పడిపోతుంది. పిల్లోడిది ఏదీ అందులో కుదరదు. ఎందుకు కుట్టించింది? అరగంట తిప్పితిప్పి చూసి, చివరికి నా పొగాకు డబ్బా పెట్టాను. సరిగ్గా కూర్చుంది.

ఇది లంచం. అలాగే రాయండి, లంచం అని.

ఆగస్టు 25, బుధవారం

ఎల్లుండి యోసేపు ఒక చాప, రెండు గిన్నెలు గదికి చేరుస్తాడట. గోడతో చెప్పినట్టు చెప్పాడు. నేనూ గోడ లాగే విన్నాను.

ఆగస్టు 28, శనివారం

భుజాన వేసుకున్నాను. తలుపు గడియ పెట్టుకుని, అద్దం ముందు.

పట్టీ పొడుగు. సంచి వచ్చి మోకాలికి కొడుతోంది. కొలతలో తప్పు ఎక్కడని చాలాసేపు ఆలోచించాను. తెలిసింది. పడుకుంటే నా నడుం సాపుగా ఉంటుంది. నిలబడితే వంగుతుంది. నేను పడుకున్నప్పుడు ఉన్న మనిషికి కుట్టించారు ఆ పట్టీ. నిలబడ్డ మనిషికి కాదు. లేపి, నిలబెట్టి, అడిగి కొలిచుంటే సరిపోయేది గదా!

ఇదే నా ఫిర్యాదు. మొత్తం ఇంతే. ఇది పెద్ద అక్షరాలతో రాయమన్నాను.

పట్టీకి ఒక ముడి వేస్తే సరిపోతుంది. వెయ్యను. విప్పి మేకుకి తగిలించాను.

ఆగస్టు 29, ఆదివారం

చర్చిలో అయ్యగారు ప్రయాణాల వాళ్ళ కోసం ప్రార్థన చేశారు. పేర్లు చదివారు. రాణి పేరు, పిల్లోడి పేరు. తర్వాత ఆగారు, కాగితం వైపు చూశారు, ఆమెన్ అన్నారు. ఆ కాగితంలో మూడో పేరు రాసి కొట్టేశారా, రాయనే లేదా... పంతులమ్మగారు కనుక్కుంటానన్నారు. వద్దన్నాను.

పొగాకు డబ్బా ఆ అరలోంచి తీశాను. మళ్ళీ పెట్టాను. ఇది రాయొద్దు. రాశారా? సరే, ఉండనీండి.

ఆగస్టు 30, సోమవారం

ఆరున్నర బస్సు. ఇంకా అరగంట. పంతులమ్మగారు తల దువ్వుకోకుండానే వచ్చి కూర్చున్నారు.

నేను పీట మీద ఉన్నాను. ఉతికిన చీరే కట్టుకున్నాను, సోమవారం గదా. యోసేపు రిక్షా కోసం వెళ్ళాడు. రాణి గుడ్డలు మడిచి సంచిలో పెడుతోంది. సీసా పెట్టింది. ఫ్లాస్కు పెట్టింది. చిన్న అర తడిమి చూసింది. చెయ్యి అక్కడే ఆగింది.

ఇప్పుడు పట్టీ పట్టుకుంది. మడత పెట్టి ఎత్తు చూస్తోంది, నా వైపు చూస్తోంది. పిల్లోణ్ణి ఊయల్లోంచి తీసింది. నా ముందుకి వచ్చి నిలబడింది.

"అత్తయ్యగారూ, ఒకసారి లేచి నిలబడతారా..."

ఎందుకు? అన్నాను. నోటితో చెప్పు.